ఇంజీనా, గజ్బియానా? ఈజిప్ట్ చిత్రకారిణుల్లో ముందు ఎవరి బొమ్మలు చూడాలి?

రాజకీయాల సెగ తగిలిన ఈజిప్ట్ చిత్రకారిణుల్లో ఎవరితో మొదలుపెట్టాలని అడిగేవాళ్లు చివరికి రెండు పేర్ల దగ్గర ఆగిపోతున్నారు: ఇంజీ ఎఫ్లాటూన్, గజ్బియా సిర్రీ. ఇద్దరూ కైరోలోనే పుట్టారు, ఒకరు 1924లో, ఇంకొకరు 1925లో.

ఉద్యమంలో ఎవరు ముందున్నారనేదే ప్రశ్న అయితే పోటీయే లేదు. ఇంజీది బాగా ఉన్నవాళ్ల కుటుంబం, ఇంట్లో మాటలన్నీ ఫ్రెంచిలోనే. అలాంటి పిల్ల ఇరవై నిండకుండానే కైరో సర్రియలిస్టులతో (కలల్లాంటి వింత బొమ్మలు వేసేవాళ్లు) కలిసి బొమ్మలు ప్రదర్శించింది, కమ్యూనిస్టుల్లో కలిసింది. 1945లో పారిస్ మహిళా మహాసభకు వెళ్లింది. 1948లో స్త్రీల హక్కుల మీద ఆమె రాసిన పుస్తకానికి ఈజిప్ట్ రచయిత తాహా హుసేన్ అంతటి పెద్దాయన ముందుమాట రాశాడు. 1959లో ఈజిప్ట్ అధ్యక్షుడు నాసర్ ప్రభుత్వం కమ్యూనిస్టులను ఏరి ఏరి పట్టుకున్నప్పుడు జైలుకెళ్లి, 1963లో గానీ బయటికి రాలేదు. గజ్బియా జీవితం ప్రధానంగా స్టూడియోలో, పాఠాలు చెప్పడంలో గడిచింది.

నేను చూసేది వేరే. ఈ కథేమీ తెలియని మనిషి ముందు బొమ్మ పెడితే, అది తన కాలం గురించి ఏమైనా చెబుతుందా?

ఈ లెక్కన 1950ల తొలినాళ్లలో గజ్బియాదే పైచేయి. 1953 నాటి ఆమె బొమ్మ 'ఉమ్మ్ అంతర్' (అంతర్ తల్లి) చూడండి. మందపాటి గీతలు, చదునైన రంగులు, పాత ఈజిప్ట్ గోడబొమ్మల్లోని ఠీవి. బస్తీ ఆడమనిషి జాలి కోరుకోదు, పీట వేసుకుని కూర్చున్న ఇంటి పెద్దలా ఉంటుంది. అదే రోజుల్లో ఇంజీ గీసిన కష్టజీవులు మంచివాళ్లే కానీ, కొన్ని బొమ్మలకు పోస్టర్ వాసన అంటుకుంది. ఆమె అభిమానులకు ఈ మాట నచ్చదని తెలుసు.

జైలుతో లెక్క తిరగబడింది. కైరోకి ఉత్తరాన, నైలు మీద ఆనకట్టలున్న చోట కనాతిర్ మహిళా జైలు. అక్కడ బొమ్మలు వేసుకోవడానికి ఇంజీ అనుమతి సంపాదించింది. మొదట తోటి ఖైదీల ముఖాలు, ఒకదానిపై ఒకటి వేసిన పడకలు, అడ్డంగా కమ్మీలు. తర్వాత తర్వాత చూపు బయటికి మళ్లింది. ఒక చెట్టు, గోడవతల నది మీద సాగిపోయే పడవల తెరచాపలు. పడవ మొత్తం కనపడదు, తెరచాప కొస మాత్రమే. నినాదం ఒక్కటీ లేదు. అయినా ఆ చెట్టును చూస్తున్న మనిషి బయటికి రాలేని చోట ఉందని ఎవరూ చెప్పక్కర్లేదు. విడుదలయ్యాక రంగు పొడిపొడి గీతలైంది, మధ్యమధ్య కాన్వాస్ తెల్లగా వదిలేసింది. వెలుతురంతా ఆ ఖాళీల్లోంచే వస్తుంది.

గజ్బియాకు అలాంటి దెబ్బ 1967లో ఇజ్రాయెల్‌తో యుద్ధంలో ఈజిప్ట్ ఓటమి. ఆమె బొమ్మల్లో మనుషులు, ఇళ్లు ఒకదానిలో ఒకటి కరిగిపోయి, ఆ తర్వాత ఎడారి వచ్చింది. గొప్ప పనే, కానీ తేదీ తెలియకపోతే అందులో ఓటమి కనిపించదు. అక్కడే నా ఓటు ఇంజీకి పడింది.

ఇంకో ఈజిప్ట్ చిత్రకారిణి తహియా హలీమ్ సంగతి కూడా అడుగుతున్నారు. దక్షిణాన ఉన్న నూబియా ప్రాంతం మీద ఆమె వేసిన బొమ్మలు అందంగా ఉంటాయి, అస్వాన్ హై డ్యాం నీళ్ల కింద అప్పట్లో మునగబోతున్న ఊళ్లు కాబట్టి విలువ ఇంకా ఎక్కువ. కానీ ఈ ప్రశ్నకు ఆమె మూడో జవాబే.

కైరో దాకా వెళ్లడం అందరివల్లా కాదు. ఖతర్‌లో ఉన్న మనవాళ్లయితే దోహాలోని మతహఫ్ మ్యూజియంలో అడగండి. ఇంజీ, గజ్బియా ఇద్దరి పనులూ ఆ సేకరణలో ఉన్నాయి, కాకపోతే గోడ మీద ఏముందో ముందే కనుక్కుని వెళ్లండి.