కణితి ముక్కపై నాలుగు ప్రొటీన్ల పరీక్ష: ఒక ల్యాబు సేవపై సమీక్ష

మా నాన్నగారికి పెద్దపేగు కుడివైపున ఉన్న కణితిని తొలగించిన తరువాత, డాక్టరుగారి సూచన మేరకు ఆ ముక్కను ఒక ప్రైవేటు ల్యాబుకు మిస్‌మ్యాచ్ రిపేర్ పరీక్ష కోసం పంపించాము. కణ విభజన సమయంలో డీఎన్ఏ నకలులో దొర్లే అచ్చుతప్పులను సరిదిద్దే ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే ప్రొటీన్లు కణితిలో ఉన్నాయో లేవో రంగు వేసి చూడడమే ఈ పరీక్ష. ఇవి లోపిస్తే, ఒకే అక్షరమో చిన్న అక్షరాల గుంపో పదే పదే వచ్చే చోట్ల తప్పులు పేరుకుంటాయి. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 15 శాతం ఇటువంటివే.

పరీక్ష నాణ్యతకు వంక పెట్టలేను. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 రెండూ లేవని, పక్కనున్న ఆరోగ్యకరమైన కణాలలో మాత్రం రంగు పట్టిందని రిపోర్టులో స్పష్టంగా రాశారు. అయితే కౌంటరులోని ఉద్యోగి "ఇది వంశపారంపర్యమండీ" అని తేల్చేయడంతో మా చెల్లెలు రెండు రాత్రులు నిద్రపోలేదు. నిజానికి ఎంఎల్‌హెచ్1 లోపించడానికి, ముఖ్యంగా పెద్ద వయసువారిలో, ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు మిథైలేషన్ (డీఎన్ఏకు రసాయన గుర్తులు అతుక్కోవడం) వల్ల మూతపడడమే తరచుగా కారణమవుతుంది; కణితిలో బీరాఫ్ అనే జన్యువులో మార్పు కనిపిస్తే లించ్ సిండ్రోమ్ (ఈ రిపేర్ జన్యువుల లోపం వంశపారంపర్యంగా వచ్చే స్థితి) అయ్యే అవకాశం చాలా తక్కువ. ఈ కారణాన్ని తేల్చే తదుపరి పరీక్ష గురించి రిపోర్టులో ఒక్క వాక్యమైనా లేకపోవడం పెద్ద లోపం.

ఇమ్యునోథెరపీ (శరీర రోగనిరోధక శక్తితో క్యాన్సర్‌ను ఎదుర్కొనే చికిత్స) నిర్ణయానికీ పనికివచ్చే పరీక్ష కనుక ల్యాబుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. జన్యు సలహాకు ఒకటే. రిపోర్టును మాత్రం డాక్టరుగారి ఎదుటే తెరవండి.