ఆరో తరగతికి జడ్పీ హైస్కూలా, కాలనీ ప్రైవేటు స్కూలా?

మా వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న అన్న కూతురు ఐదో తరగతి పూర్తిచేసింది. "సార్, జడ్పీల ఏస్తే అంతా బయటోళ్ల పిల్లలేనంట. మా పాప చదువు ఆగమైతదేమో?" అని అడిగాడు. రోడ్డు దాటితే జడ్పీ హైస్కూలు, నాలుగు సందుల అవతల ఫీజు కట్టే స్కూలు. ఆయన ముందున్నవి ఈ రెండే.

బయటోళ్ల మాట నిజమే. మియాపూర్, నిజాంపేట, పటాన్‌చెరు వైపు అపార్టుమెంట్లు లేచేకొద్దీ పాలమూరు, శ్రీకాకుళం పిల్లల పక్కన ఒడిశా, బిహార్ పిల్లలూ వచ్చి కూర్చున్నారు. విద్యా హక్కు చట్టం ప్రకారం ఏ పిల్లవాడినైనా వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. అలా అఆలు రానివాడు ఆరో తరగతి తెలుగు పీరియడ్‌లో బిక్కమొహం వేసుకుని కూర్చుంటాడు. తెలంగాణలో 2018 చట్టంతో తెలుగు తప్పనిసరి కూడా. 2022-23 నుంచి మిగతా సబ్జెక్టులు ఇంగ్లీష్ మీడియంలోకి మారుతూ వచ్చాయి. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీష్, పక్క పేజీ తెలుగు. అర్థం కాకపోతే మన పిల్లలు పక్క పేజీ చూసుకుంటారు. వాళ్లకు ఆ ఆసరా కూడా లేదు. పైగా సైటులో పని అయిపోతే టీసీ ఊసే లేకుండా కుటుంబం వెళ్లిపోతుంది. ఆగమయ్యేది ఎవరైనా ఉంటే ఆ పిల్లలే గానీ అన్న కూతురు కాదు. ఆ అమ్మాయికి ఊరికే హిందీ వస్తుంది, నన్నడిగితే అదీ లాభమే.

ప్రైవేటులో నచ్చే సంగతులు లేకపోలేదు. పిల్ల ఒకరోజు రాకపోతే ఇంటికి ఫోన్ చేస్తారు, డైరీ రాయిస్తారు, నాలుగు ఇంగ్లీష్ ముక్కలు మాట్లాడిస్తారు. కానీ మా బంధువుల అబ్బాయికి ఒకే ఏడాదిలో ముగ్గురు లెక్కల టీచర్లు మారారు. ఫీజు మాత్రం ఒక్క టర్మ్ కూడా ఆగలేదు!

జడ్పీలో చెప్పేది బీఈడీ చేసి, డీఎస్సీ కొట్టినవాళ్లు; ఈమధ్య వచ్చినవాళ్లు టెట్ కూడా గట్టెక్కినవాళ్లే. 2024 డీఎస్సీలోనే 11,062 పోస్టులు ప్రకటించారు. భోజనం, పుస్తకాలు, యూనిఫాం సరేసరి. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది: ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాసి ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్. ఫీజు కట్టే ప్రైవేటు స్కూలు పిల్లలకు ఆ పరీక్షే లేదు. పదిలో గ్రేడ్లు ఉన్న రోజుల్లో బాసర ట్రిపుల్ ఐటీ సీటుకు సర్కారు బడి పిల్లలకు 0.4 పాయింట్లు కలిపేవారు కూడా.

అన్నకు జడ్పీయే చెప్పాను. అయితే ముందు హెచ్‌ఎం దగ్గరికి వెళ్లి లెక్కలకు, సైన్స్‌కు సార్లు ఉన్నారో లేదో అడిగి రమ్మన్నాను. అమ్మాయిల టాయిలెట్లో నీళ్లు వస్తున్నాయో లేదో వదినను స్వయంగా చూసి రమ్మన్నాను. లెక్కల పోస్టు ఖాళీగా ఉందంటే నా మాట నేను వెనక్కి తీసుకుంటాను.