పాములూ మొసళ్ళూ చూడాలంటే ఏది మేలు: వైజాగ్ జూనా, చెన్నై మొసళ్ళ బ్యాంకా, మన కోరింగా?

మా అత్తగారింట్లో చీకటి పడ్డాక పాము అనే మాట ఎవరూ అనరు. "పురుగు" అంటారు. గడ్డిమేటు దగ్గర పురుగు కనిపించింది, పక్కింటాయన్ని పురుగు ముట్టుకుంది, ఇలాగ. ఆ కొబ్బరితోటల మధ్యే పుట్టి పెరిగిన మా ఆయన, ఈసారి సెలవులకి ఊటీ వద్దు, పాములు చూద్దాం అనేసరికి అత్తయ్యగారు ముక్కున వేలేసుకున్నారు. "టికెట్టు కొని మరీ చూడాలా? దొడ్లోకి వెళ్తే చాలదూ?" అన్నారు. ఆవిడ మాటా నిజమే. కానీ దొడ్లో పాముని చూసేది రెండు క్షణాలే. అదైనా పారిపోతుంది, మనమైనా పారిపోతాం.

రెండేళ్ళలో మేమిద్దరం మూడు చోట్లకీ వెళ్ళొచ్చాం. కోనసీమ నుంచి, కాకినాడ నుంచి వెళ్ళాలనుకునే జంటలకి పనికొస్తుందని రాస్తున్నాను.

వైజాగ్ జూ సంగతి త్వరగా చెప్పేస్తాను. రాజమండ్రిలో రైలెక్కితే మూడు నాలుగు గంటల్లో వైజాగ్. జూ 1977లో పెట్టారు, 625 ఎకరాలు, కంబాలకొండ అడవిని ఆనుకుని ఉంటుంది. చెట్లూ నీడా బాగుంటాయి, పిల్లలుంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు. మేం మొదటిసారి సోమవారం వెళ్ళాం. సోమవారం సెలవు! గేటు ముందు ఒక సెల్ఫీ దిగి బీచ్‌కి పోయాం. మర్నాడు మళ్ళీ వెళ్తే పులి దగ్గర, ఎలుగుబంటి దగ్గర నడిచి నడిచి, పాముల దగ్గరికొచ్చేసరికి కాళ్ళు పీకుతున్నాయి. కొండచిలువ ఓ మూల చుట్టుకుని పడుకుంది. దాని తల ఎటుందో వెతుక్కోవడంతోనే సరిపోయింది. జూలో పాములు కూడా ఉన్నాయి, అంతే. పాముల కోసమే వెళ్ళేవాళ్ళకి అది చాలదు.

చెన్నై మొసళ్ళ బ్యాంక్ అలా కాదు. రాజమండ్రిలో సాయంత్రం సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి చెన్నై. అక్కణ్ణుంచి మహాబలిపురం వెళ్ళే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద నలభై కిలోమీటర్ల దాకా వెళ్ళాలి. తోళ్ళ కోసం వేటాడి వేటాడి మన దేశంలో మొసళ్ళు దాదాపు తుడిచిపెట్టుకుపోతున్న రోజుల్లో, 1976లో, పాముల నిపుణుడు రోములస్ విటేకర్ వాళ్ళు దీన్ని మొదలుపెట్టారు. మొసళ్ళని ఇక్కడ పెంచి, పిల్లల్ని చేయించి, అడవులకి పంపాలని. అందుకే బ్యాంక్ అన్నారు.

మొదటి మడుగు దగ్గర నిజంగా మోసపోయాను. ఒకదాని మీద ఒకటి ఎక్కి, నోళ్ళు తెరుచుకుని, కదలకుండా ఉన్నాయి. "సిమెంటు బొమ్మలు బాగా చేశారండీ" అన్నాను. అంతలో ఒకటి కన్ను మూసి తెరిచింది. మా ఆయన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే గాజు చిట్లింది. నోరు తెరిచి ఉండేది కోపంతో కాదట, ఒంట్లో వేడి పోవడానికట. పక్కనే ఘరియల్ ఉంది. సన్నటి పొడవు మూతి, మగదానికి ఆ మూతి చివర చిన్న కుండలాంటి బొడిపె. దాని తిండి చేపలే. మనుషుల జోలికి రాదని తెలిసినా నేను కంచెకి ఒక అడుగు వెనకే నిలబడ్డాను.

కానీ మా టికెట్టు డబ్బులు గిట్టుబాటైంది ఇరులవాళ్ళు విషం తీసేచోట. ఇరులలు తరతరాలుగా పాములు పట్టే తెగ. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక పాము తోళ్ళ వ్యాపారం పోయింది, వాళ్ళ బతుకుతెరువూ పోయింది. 1978లో సహకార సంఘం పెట్టుకుని, పట్టిన పాముల్ని చంపకుండా విషం మాత్రం తీసి, కొన్నాళ్ళకి మళ్ళీ వదిలేస్తున్నారు. అంచుకి గుడ్డ కట్టిన మట్టికుండలు వరసగా పెట్టి ఉన్నాయి, ఒక్కోదాంట్లో పాము. ఒకాయన కొక్కెంతో నాగుపాముని తీసి, తల పట్టుకుని, మూతికి పల్చటి పొర బిగించిన గాజుపాత్ర అంచున పెట్టాడు. అది కసుక్కున కరిచింది. లోపలికి జారింది రెండు మూడు పసుప్పచ్చ బొట్లు. పురుగు ముట్టుకుందంటే మా ఊళ్ళో వీధంతా వణికేది ఆ బొట్లకే. ఆ విషాన్నే కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తం నుంచి మన ఆసుపత్రుల్లో ఇచ్చే మందు తయారు చేస్తారు.

అక్కడే ఇంకో సంగతి నేర్చుకున్నాం. కట్లపాముకి తెల్లపట్టీలు మెడ దగ్గర సరిగా కనిపించవు, తోకవైపు పోనుపోను స్పష్టమవుతాయి. అచ్చం అలాగే కనిపించే విషంలేని పాము ఒకటుంది. దాని పట్టీలు మెడ దగ్గర కొట్టొచ్చినట్టు ఉండి, తోకవైపు మాసిపోతాయి. మా ఆయన ఆ విషంలేని పాముని పెట్టిన గాజుపెట్టె ముందు చాలాసేపు నిలబడిపోయారు. "పోయినేడాది నాన్నగారు వంటింట్లో కొట్టింది ఇదేనేమో" అన్నారు నెమ్మదిగా. పట్టీలు చూసి పాముని గుర్తుపట్టేశాం అనుకుని దగ్గరికెళ్ళమని నేను చెప్పడం లేదు. కట్లపాము రాత్రిళ్ళు కింద పడుకున్నవాళ్ళని కరిస్తే చాలాసార్లు నొప్పి కూడా తెలీదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. ఆ కబురు విన్నాక మా ఇంట్లో చాప మీద పడుకునే అలవాటు పోయింది. ఇప్పుడందరికీ మంచాలే, దోమతెరలే.

కోరింగ ఈ రెంటితోనూ పోల్చదగ్గది కాదు, అయినా పోలుస్తాను. కాకినాడ నుంచి అరగంట. 1978 నుంచి అభయారణ్యం. ఉప్పునీటి బురదలో పెరిగే మడచెట్ల మధ్య చెక్కబాట మీద నడుస్తుంటే రెండు పక్కలా బురద, ఆ బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, వాటి మధ్య గెంతే చిన్న చేపలు, ఒంటిడెక్క పీతలు. మేం రెండు గంటలు తిరిగితే దొరికిన సరీసృపం ఒక ఉడుము. అదీ తోక మాత్రమే. కానీ జంటగా, చెయ్యీ చెయ్యీ పట్టుకుని, ఎవరూ తొయ్యకుండా నడవాలంటే మూడింట్లో ఇదే మేలు. పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే ఉడుములూ ఉండవు, మనకీ ఓపిక ఉండదు.

నన్నడిగితే ఒక్కసారే వెళ్ళగలిగేవాళ్ళు చెన్నై వెళ్ళాలి. పాముల మధ్య బతికే డెల్టావాళ్ళకి తెలియాల్సింది అక్కడుంది. దూరం నిజమే, ఎండ ఇంకా నిజం, డిసెంబరు జనవరుల్లో పెట్టుకోండి. అక్కడా సోమవారం సెలవే. చెన్నై ఊళ్ళోనే ఉన్న గిండీ పాముల పార్కుకి మాత్రం మంగళవారం సెలవు. ఆ లెక్కన ఆదివారం పొద్దున దిగితే మొసళ్ళు, సోమవారం గిండీ చూసుకుని రాత్రి రైలెక్కొచ్చు.

మా ఆయన మనసు ఇంకా కోరింగ మీదే ఉంది. చలికాలం చివర్లో, కాకినాడ ఎదుట సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ ఇసకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటి పిల్లల్ని సముద్రంలోకి వదిలేటప్పుడు చూడాలని ఆయన కోరిక. అటవీశాఖవాళ్ళని అడిగి రమ్మన్నాను. అత్తయ్యగారు ఈసారి ఏమీ అనలేదు. తాబేలైతే తనూ వస్తానన్నారు.