టేకు టాప్ ఆర్డర్ ఇచ్చేముందు ఇది చదవండి, నాకు 18,500 పోయాయి

ఇప్పుడే కలప డిపో నుంచి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, రాసేది వరస తప్పితే ఏమీ అనుకోకండి. పేరు రాయను, కానీ ఉప్పల్ వైపు తిరిగి చెక్క కొన్నవాళ్ళకు నేను ఎవరి గురించి చెప్తున్నానో తెలిసిపోతుంది.

మా హాల్లో ఆరడుగుల కేబినెట్ ఉంది, నాన్న చేయించింది. కింది భాగం ఇప్పటికీ చెక్కుచెదరలేదు, పైనున్న ప్లైవుడ్ మాత్రం నీళ్ళు తగిలి ఉబ్బిపోయింది. దాని బదులు 24 అంగుళాల వెడల్పుతో టేకు టాప్ వేయిద్దామని పోయిన ఆగస్టులో, జోరు వానల్లో వెళ్ళాను. అంత వెడల్పున్న పలక ఒక్కటిగా దొరకడం కష్టం, నాలుగైదు పలకలు అంచుకు అంచు అతికించాల్సిందే, అది నాకూ తెలుసు. "అక్కా, ఏడాది ఎండిన చెక్క, అంతా చేవే. మేమే జోడించి, పాలిష్ చేసి, మా మనిషితో బిగించి ఇస్తాం" అన్నాడు డిపో అతను. చేవ అంటే మాను నడుమ ఉండే ముదురు రంగు గట్టి చెక్క. ఫోన్‌పేలో డబ్బు కట్టేశాను. బిల్లు అడిగితే తర్వాత ఇస్తానని చీటీ మీద "టేకు టాప్ - 1" అని రాసిచ్చాడు, దాన్నే పర్సులో పెట్టుకుని వచ్చాను. నా మొదటి తప్పు అది.

దసరాకి ముందు బిగించారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ బాగుందన్నారు. జనవరిలో ఒక రాత్రి టప్‌మని పెద్ద శబ్దం వస్తే వంటింట్లో గిన్నె పడిందేమో అనుకున్నాం. తెల్లారి చూస్తే టాప్ మధ్యలో అతుకు విడిపోయి రూపాయి బిళ్ళ దూరేంత సందు. ఎండలు మొదలయ్యాక రెండో అతుకూ విడిపోయింది, ముందు అంచు దొప్పలాగా పైకి లేచింది. ఫోన్ చేసినప్పుడల్లా "వస్తాం అక్కా" అనడమే తప్ప ఎవరూ రాలేదు.

నిన్న మాకు తెలిసిన వడ్రంగి మేస్త్రిని పిలిపించాను. టాప్ విప్పి తిరగేశాడు. పైన మెరిసిపోయే పాలిష్, అడుగున ఒక్క కోటు కూడా లేదు, పచ్చి చెక్క అలాగే ఉంది. ఒక వైపే పాలిష్ ఉంటే రెండో వైపు నుంచి తేమ వేగంగా వచ్చి పోతుంటుంది, అందుకే వంగుతుందట. పైగా ముందూ వెనకా పది స్క్రూలు కదలకుండా బిగించేశారు. చెక్క పొడవులో పెద్దగా మారదు కానీ వెడల్పులో వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. సరిగా ఆరని టేకు అయితే 24 అంగుళాల మీద ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లు కూడా తగ్గొచ్చు. అది కదలడానికి స్క్రూ రంధ్రం కోలగా పెట్టాలి. కదలనివ్వకపోతే ఎక్కడో ఒకచోట చీలాల్సిందే.

ఆ తర్వాత ఉలితో పాలిష్ గీకాడు. నాకు ఏడుపొచ్చింది. ఐదు పలకల్లో మూడింటి అంచుల వెంట రెండేసి అంగుళాల మేర చేవ లేని తెల్లచెక్క, దానికి గోధుమరంగు పూసి చేవతో కలిపేశారు. పురుగు ముందు పట్టేది ఆ తెల్లచెక్కనే. అతుకుల్లో రంపపు పొట్టు ఫెవికాల్‌తో కలిపి కూరారు, అంటే అంచులు సరిగ్గా చిత్రిక పట్టనే లేదు, సందు కనపడకుండా పూడ్చారంతే. ఒకటిన్నర అంగుళం మందానికి సీఎఫ్‌టీ (ఘనపుటడుగుల) లెక్క కట్టి డబ్బు తీసుకున్నారు, చిత్రిక పట్టాక కొంత తగ్గుతుంది సరే, టేపు పెడితే ముప్పావు అంగుళమే ఉంది!

ఈరోజు పొద్దున మేస్త్రినీ ఒక ముక్కనీ వెంటబెట్టుకుని వెళ్ళాను. గొడవ పడాలని కాదు, మార్చి ఇస్తారేమోనన్న ఆశతో. మేస్త్రి తన తేమ మీటర్ తీసి అక్కడ "ఎండిన టేకు" అని చూపించే దొంతరలో ఒక పలకకు గుచ్చితే తేమ 21 శాతం వచ్చింది. ఇంట్లో వాడే సామానుకు 12 లోపు ఉండాలి. ఆ అంకె చూపించగానే డిపో అతను మీటర్‌ని పక్కకు నెట్టేసి, మేస్త్రి వైపు చూడకుండా, పదిమంది కొనేవాళ్ళ ముందు నాతో అన్నమాట ఇది: "చెక్కన్నాక పగులుతుంది. పగలనిది కావాలంటే ప్లాస్టిక్ కొనుక్కో. నీకేం తెలుసు చెక్క గురించి, ఇంటికెళ్ళి మీ సార్‌ని పంపు." ఆగస్టులో అక్కా, మీరు అన్న మనిషి! నాకు యాభై రెండేళ్ళు. మా నాన్న చెక్క కొనడానికి వెళ్తే చిన్నప్పుడు నన్నూ తీసుకెళ్ళేవాడు, పలక చివర చూసి చేవ ఎంతుందో చెప్పమనేవాడు. అది తెలిసి కూడా ఆగస్టులో నేను చివర్లు చూడలేదు. వాటికి ఎర్ర రంగు పూసి ఉంది. అలా పూయడం తప్పు కాదు, చివర్లనుంచి తేమ త్వరగా పోయి నెర్రెలు ఇవ్వకుండా పూస్తారు. కానీ ఒక్క అంగుళం కోసి చూపించమని అడగాల్సింది. అడగలేదు. ఆ మాట పడ్డప్పటి నుంచి నాకు అదే తిరుగుతోంది.

డబ్బు గురించి అడిగితే చీటీ చూపించమన్నాడు. చూపిస్తే "ఇందులో చేవ అని ఎక్కడుంది?" అన్నాడు. లేదు మరి.

కొనేవాళ్ళు పలకల చివర్లు కోయించి చూడండి, తెల్లచెక్క తీసేసిన పలకలే అతికించమనండి. మీటర్ ఉన్న మేస్త్రిని తీసుకెళ్ళండి. అతికించడానికి ముందు పలకలు మీ ఇంట్లో కొన్ని వారాలైనా ఉంచితే ఇంకా మంచిది, అతికించేది మీ కళ్ళముందు అయితే మరీ మంచిది. బిల్లు మీద చెక్క రకం, చేవ, మందం రాయించుకోకుండా రూపాయి కూడా కట్టకండి.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తున్నాను. ఆ చీటీ, ఫోన్‌పే రసీదు, ఫోటోలు మాత్రమే నా దగ్గరున్నాయి. అక్కడే కొని ఇలాగే నష్టపోయి, సరైన బిల్లు ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి నాకు మెసేజ్ చేయండి, కలిసి వెళ్దాం.