ఎం4000, పీ2000: రెండు పాత క్వాడ్రో కార్డులు, ఆరు పిన్నుల తీగ ఒకటి

ఎన్విడియా వర్క్‌స్టేషన్ల (డ్రాయింగుల వంటి పనికి వాడే కంప్యూటర్ల) కోసం చేసిన గ్రాఫిక్స్ కార్డుల్లో, ఆటల కోసం క్వాడ్రో ఎం4000 కొనాలా, పీ2000 కొనాలా అని అడిగిన వారికి నేను ముందుగా వేగం సంగతి చెప్పను. క్యాబినెట్ పక్క మూత తీసి, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) నుంచి వచ్చే తీగల కట్టలో గ్రాఫిక్స్ కార్డు కోసమే ఇచ్చిన ఆరు పిన్నుల కనెక్టర్ ఉందో లేదో చూసి రమ్మంటాను. ఈ రెండు కార్డులతో నాకు నాలుగేళ్ల పరిచయం ఉంది. ఒకటి ఇప్పటికీ నా బల్ల కింద, మరొకటి మా బావమరిది ఇంట్లో పనిచేస్తున్నాయి. ఇన్నాళ్లలో ఆటల్లో వాటి మధ్య నాకు కనిపించిన తేడా కంటే, ఆ ఒక్క తీగ ఉండటం లేకపోవటం వల్ల వచ్చిన తేడా ఎంతో పెద్దది.

నాది విజయవాడ. పగలు భవనాల స్ట్రక్చరల్ డ్రాయింగులు గీయటం నా వృత్తి, రాత్రి భోజనాలయ్యాక గంటో గంటన్నరో ఆట ఆడటం అలవాటు. 2021 చివర్లో, క్రిప్టో మైనింగ్ గిరాకీ వల్ల గేమింగ్ కార్డుల ధరలు చేతికి అందకుండా పోయిన రోజుల్లో, ఏదో కార్యాలయంలో లీజు ముగిసి బయటికి వచ్చిన ఒక వర్క్‌స్టేషన్‌ను జియాన్ ఈ3-1230 వీ5 ప్రాసెసర్‌తో సహా కొన్నాను. దానిలో వేసుకోవటానికి కార్డు కోసం సికింద్రాబాద్ వెళ్లి, పార్క్ లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో ఒక పూటంతా తిరిగాను. గేమింగ్ కార్డు పేరెత్తితే ఇరవై వేలకు తగ్గని ఆ దుకాణాల్లోనే ఎం4000 నాకు 8,500 రూపాయలకు దొరికింది. ఆ ధరకు 8 జీబీ మెమరీ ఉన్న కార్డు దొరకటం నిజమేనా అని బిల్లు చేతికి వచ్చేదాకా నాకు నమ్మకం కుదరలేదు.

మొదటి ఏడాదిన్నర ఆ కార్డును నేను నలుగురి దగ్గరా మెచ్చుకున్న మాట వాస్తవం. దాని చిప్‌లో 1664 కోర్లు ఉన్నాయి, ఆటల కోసం చేసిన జీటీఎక్స్ 970 కార్డులో ఉన్నవీ అన్నే. అయితే 970 సుమారు 1178 మెగాహెర్ట్జ్ దాకా పరుగెత్తే చోట ఎం4000ను 773 దగ్గరే కట్టివేశారు. ఒక్క స్లాటు మందం ఉన్న కార్డు 120 వాట్లు దాటకుండా, రోజంతా ఆగకుండా పనిచేయాలన్నది వర్క్‌స్టేషన్ల అవసరం కాబట్టి అలా చేశారు. ఆటగాడి వైపు నుంచి చూస్తే అది బలమైన ఎద్దును మెల్లగా నడిపించినట్టు ఉంటుంది. అయినా 1080పీ తెర మీద జీటీఏ 5, విచర్ 3 వంటివి నాకు ఏ లోటూ లేకుండా నడిచాయి. టెక్స్చర్ల (ఆటలో గోడలు, నేలల మీద పరిచే బొమ్మల) నాణ్యతను పూర్తిగా పెంచి ఆడినా మెమరీ చాలకపోవటం అన్నది ఎన్నడూ జరగలేదు.

ఆ మెచ్చుకోళ్లలో నేను చెప్పకుండా దాటవేసిన విషయం ఒకటుంది. నా వర్క్‌స్టేషన్ ఎస్‌ఎంపీఎస్‌కు ఆరు పిన్నుల తీగ లేదు. అది ఆ కంపెనీ సొంత ఆకారంలో చేసినది, మదర్‌బోర్డుకు వెళ్లే ప్లగ్గు కూడా బజారులో దొరికే మామూలు ఏటీఎక్స్ రకం కాదు, కాబట్టి దాన్ని తీసేసి వేరొకటి పెట్టుకునే వీలు లేదు. అందుకని హార్డ్ డిస్కుకు వెళ్లే సాటా పవర్ తీగ ఒకటి ఖాళీగా ఉంటే, దానికి ఒక అడాప్టర్ తగిలించి ఆరు పిన్నులు చేసుకున్నాను. అడాప్టర్ ఖరీదు 150 రూపాయలు.

ఇది తెలియక చేసిన పని కాదు, లెక్క వేసుకునే చేశాను, అందుకే ఆ లెక్కను ఇక్కడ పూర్తిగా చెప్పటం అవసరం అనుకుంటున్నాను. మదర్‌బోర్డు మీది స్లాటు మొత్తం 75 వాట్లు ఇచ్చినా, 12 వోల్టుల మీద 66 వాట్లే ఇవ్వగలదు. కార్డు గరిష్ఠంగా తీసుకునేది 120 వాట్లు కనుక మిగిలిన 54 వాట్లు ఆరు పిన్నుల దారిలో రావాలి. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడు పిన్నులు ఉంటాయి, ఒక్కొక్కటి ఒకటిన్నర ఆంపియర్ మోయగలదు, అంటే మొత్తం నాలుగున్నర ఆంపియర్లు, సరిగ్గా 54 వాట్లు. రెండు సంఖ్యలూ అంత చక్కగా కలిసేసరికి నాకు ధైర్యం వచ్చింది. అవి కలవటమే అసలు ప్రమాదమని, అక్కడ ఒక్క వాటు కూడా వెసులుబాటు మిగలలేదని అప్పుడు తోచలేదు. కార్డు తన భారాన్ని స్లాటుకూ తీగకూ నేను కాగితం మీద పంచినట్టే పంచుకోవాలని నియమం ఏదీ లేదు. ఆరు పిన్నుల కనెక్టర్‌కు ప్రమాణం 75 వాట్లు, కాబట్టి కార్డు ఆ తీగ మీద అంత భరోసాతోనే లాగుతుంది. దానికి అవతల ఉన్నది సాటా కనెక్టర్ అని కార్డుకు తెలిసే మార్గం లేదు.

2023 మే చివరి వారంలో, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, సెలవులకు వచ్చిన మా తమ్ముడు మధ్యాహ్నం పూట రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఆడుతున్నాడు. నేను పక్క గదిలో ఉన్నాను. "అన్నయ్యా, ఏదో కాలిన వాసన వస్తోంది" అని వాడు పిలిచేసరికి వంటింట్లో పాలు మాడాయేమో అనుకుని అటు నడిచాను. వాసన అటు కాదు. ఇటు వచ్చి చూసేసరికి తెర నల్లబడి ఉంది, కార్డు ఫ్యాను పూర్తి వేగంతో ఈల వేసినట్టు తిరుగుతోంది. గోడ దగ్గర స్విచ్ కట్టేసి, ప్లగ్గు కూడా లాగి, మూత తీశాము. సాటా కనెక్టర్ నల్ల ప్లాస్టిక్ ఒక చివర కరిగి కిందికి జారి, ఎస్‌ఎంపీఎస్ వైపు కనెక్టర్‌తో ఒకే ముద్దగా అతుక్కుపోయింది. పసుపు తీగ పైతొడుగు అంగుళం మేర గోధుమ రంగుకు తిరిగింది. ఆ అడాప్టర్ తీగలు పిన్నులకు నొక్కి బిగించినవి కావు, ప్లాస్టిక్‌ను కరిగించి పోసి అతికించిన రకం. ఆ రకం వేడెక్కితే లోపలి తీగలు ఒకదానివైపు ఒకటి జరిగి షార్ట్ అవుతాయని తర్వాత చదివి తెలుసుకున్నాను. అదే కనెక్టర్‌కు ఒక జానెడు దూరంలో, అదే తీగ మీద, ఆరు నెలల డ్రాయింగులు ఉన్న నా హార్డ్ డిస్కు ఉంది. దానికేమీ కాలేదు. కానీ ఆ రాత్రి అందులో ఉన్నదంతా మరో డిస్కులోకి ఎక్కించేదాకా నేను పడుకోలేదు.

కార్డు కూడా చెడిపోలేదు. అయినా దాన్ని మళ్లీ ఆ పెట్టెలో పెట్టటానికి మనసు ఒప్పుకోలేదు. జూన్‌లో హైదరాబాద్ పని మీద వెళ్లినప్పుడు అదే సీటీసీలో 10,500 రూపాయలకు పీ2000 తీసుకున్నాను. ఇది 2017 నాటిది, పొడవు తక్కువ, 75 వాట్ల కార్డు కాబట్టి కరెంటంతా స్లాటు నుంచే తీసుకుంటుంది. కార్డు వెనుక అంచున ఎం4000కు కనెక్టర్ ఉండే చోట దీనికి ఏమీ లేదు, నున్నగా ఉంది. ఆ నున్నటి అంచును చూసినప్పుడు నాకు కలిగిన నిశ్చింత ఏ ఫ్రేముల సంఖ్యా ఇవ్వలేదు. స్లాటులో గుచ్చి, ఒక స్క్రూ బిగించి, మూత పెట్టేశాను. అప్పటి నుంచి మూడు వేసవులు గడిచాయి, ధూళి దులపటానికి తప్ప ఆ మూత తీయవలసిన అవసరం రాలేదు.

ఇక వేగం మాట. ఎం4000 మా బావమరిదికి ఇచ్చాను. అతనిది మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్, ఆరు పిన్నుల తీగ దానికి పుట్టుకతోనే ఉంది. ఒక ఆదివారం నా పీ2000ను కూడా అతని ఇంటికే తీసుకెళ్లి, ఒకే పెట్టెలో ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, అవే ఆటలు, అవే సెట్టింగులు చూశాము. ఎం4000 సెకనుకు 60 ఫ్రేములు చూపించిన చోట పీ2000 65, 66 చూపించింది. కోర్లు 1024 మాత్రమే అయినా అవి 1480 మెగాహెర్ట్జ్ దాకా వెళ్లగలవు, కాబట్టి కోర్ల సంఖ్యలో పోయినదానికి మించి గడియారం వేగంలో తిరిగి వచ్చింది. డైరెక్ట్‌ఎక్స్ 12తో నడిచే ఆటల్లో తేడా ఇంకొంచెం పెరిగింది. పీ2000లోని కొత్త తరం పాస్కల్ చిప్, లెక్కల పనినీ బొమ్మ గీసే పనినీ ఏకకాలంలో సర్దుకోవటంలో ఎం4000లోని మాక్స్‌వెల్ కంటే మెరుగు. కానీ తెర ముందు కూర్చుని, ఏ కార్డు ఉందో చెప్పకుండా ఆడమంటే నేను గుర్తుపట్టలేను. మా బావమరిది కూడా పట్టలేకపోయాడు.

అతను గుర్తుపట్టినది మరొకటి. 2023లో వచ్చిన హాగ్వార్ట్స్ లెగసీలో టెక్స్చర్లు హై మీద పెట్టి ఆడితే పీ2000 ఒక వీధి మలుపు తిరిగిన ప్రతిసారీ ఒక క్షణం తడబడింది, గోడల మీది రాళ్లు ముందు మైనం పూసినట్టు అలుక్కుపోయి కనిపించి, ఆ తర్వాత తేటపడ్డాయి. 5 జీబీ నిండిపోయిందన్నమాట. ఎం4000 అదే దారిలో తక్కువ ఫ్రేములతోనే అయినా తడబాటు లేకుండా నడిచింది. మెమరీ దారి వెడల్పులో కూడా దానిదే పైచేయి. సెకనుకు 192 జీబీ మోస్తుంది, పీ2000 మోసేది 140. కాబట్టి పీ2000 అన్ని విధాలా మేలని నేను మొదట్లో అనుకున్న మాటను ఇక్కడ కొంత వెనక్కి తీసుకోవాలి. కొత్త ఆటలు ఆడేవారికి 8 జీబీకి ఉన్న విలువ నేను అనుకున్న దానికంటే ఎక్కువ. నాకు ఆ ఆటల్లో టెక్స్చర్లు మీడియం మీద ఉంచటం అలవాటైపోయింది. అందరికీ అది సమ్మతం కాకపోవచ్చు.

75 వాట్ల సంగతిలోనూ మరొక మాట కలపాలి. ఆ గీతను పీ2000 ఎప్పటికీ దాటదు, అదే నా నిశ్చింతకు కారణం, అయితే బరువైన ఆటల్లో అది ఆ గీతను ఎప్పుడూ తాకుతూనే ఉంటుంది. తాకిన ప్రతిసారీ గడియారం వేగం కొంత కిందికి దిగుతుంది. వేసవిలో గది 38 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ చిన్న ఫ్యాను చేసే చప్పుడు హెడ్‌ఫోన్లు లేకుండా భరించటం కష్టం. చలికాలంలో ఆ చప్పుడు వినిపించనే వినిపించదు. మీరు ఏసీ గదిలో ఆడేవారైతే ఈ పేరా మీకు వర్తించదు.

ఆటలకు సంబంధం లేకపోయినా ఒక లాభం చెప్పకుండా ఉండలేను. నా జియాన్ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ లేవు. ఎం4000 చిప్‌కు యూట్యూబ్ వాడే వీపీ9 రకం వీడియోను విప్పే భాగం లేకపోవటంతో, యూట్యూబ్‌లో 4కే వీడియో పెడితే ప్రాసెసర్ నాలుగు కోర్లూ దాని మీదే పనిచేసేవి. పీ2000 ఆ పని మొత్తం తానే చేస్తుంది. డ్రాయింగు ఒక తెర మీద, పాఠం చెప్పే వీడియో మరో తెర మీద పెట్టుకుని పనిచేసే నాకు ఇది రోజూ కనిపించే తేడా. తెరల విషయంలో రెండూ ఒకటే. నాలుగు డిస్‌ప్లేపోర్టులు ఉంటాయి, హెచ్‌డీఎంఐ ఉండదు, అడాప్టర్ కొనుక్కోవాలి. ఈ అడాప్టర్ వల్ల ప్రమాదం ఏమీ లేదు.

పీ2000 రెండేళ్లు కొత్తది కాబట్టి డ్రైవర్లు ఎక్కువ కాలం వస్తాయని నేను ఆశించాను. ఆ ఆశ నెరవేరలేదు. ఎన్విడియా మాక్స్‌వెల్, పాస్కల్ రెండు తరాలనూ ఒకేసారి 580 డ్రైవర్ల శాఖతో ఆపేసింది. కొత్త ఆటలకు మెరుగులు దిద్దే డ్రైవర్లు 2025 అక్టోబరుతో నిలిచాయి, భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రం 2028 అక్టోబరు వరకు వస్తాయి. ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్ వంటి ఆటలు రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టటం) హార్డ్‌వేర్ లేనిదే నడవవు కనుక, అవి ఈ రెండింటికీ ఒకేలా మూసిన తలుపులు.

విలువ విషయంలో నా మాట నా పెట్టెకు, నా గదికి కట్టుబడి ఉన్నదని గుర్తుంచుకోవాలి. నేడు ఎవరైనా వచ్చి, తమ పెట్టెలో అసలైన ఆరు పిన్నుల తీగ ఉందని, ఎం4000 రెండు వేలు తక్కువకు దొరుకుతోందని చెబితే, ఆటల కోసమే అయితే ఎం4000 తీసుకోమంటాను. అదే ధరలో ఏఎండీ వారి 8 జీబీ ఆర్‌ఎక్స్ 580 దొరికితే అది ఈ రెండింటికంటే వేగవంతమైనది. కాకపోతే దానికి 185 వాట్లు కావాలి, సాధారణంగా ఎనిమిది పిన్నుల తీగ ఉన్న ఎస్‌ఎంపీఎస్ కావాలి, రెండు స్లాట్ల చోటు కావాలి. తీగ లేని లీజు పెట్టె కొన్నవారు మాత్రం పీ2000 దగ్గరే ఆగాలి, అది దొరకకపోతే దొరికేదాకా ఆగాలి కానీ 150 రూపాయల అడాప్టర్ వైపు చూడకూడదు. మా బావమరిది మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు కార్డులు మార్చుకుందామా అని అడిగాడు. టెక్స్చర్ల కోసం నాకూ కొంచెం ఆశ పుట్టింది, కానీ ఎస్‌ఎంపీఎస్ మారనంత కాలం కుదరదని చెప్పాను.