పలకల అడుగా, గాలి అడుగా? రెండు చిన్న మోటారు పడవలు కొన్నేళ్ళు వాడాక

సియాటిల్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్‌లోనో టౌన్‌హౌస్‌లోనో ఉంటూ, ట్రైలర్ పెట్టుకునే చోటు లేక, కారు డిక్కీలో పట్టే మోటారు పడవ కోసం చూసేవాళ్ళకి ఎక్కువగా తగిలేవి రెండు రకాలు. ఒకటి అడుగున చెక్క పలకలు అమర్చిన ఏడున్నర అడుగుల గాలి పడవ. రెండోది అడుగు కూడా గాలితోనే గట్టిపడే తొమ్మిది అడుగుల పడవ. మా గ్యారేజీలో రెండూ ఉన్నాయి. కొన్నేళ్ళుగా రెండింటికీ ఒకటే మోటారు, 2.3 హార్స్‌పవర్ల హోండా బిగించి వాడుతున్నాం. కాబట్టి నేను చెప్పబోయే తేడా అంతా పడవలదే. నా ఓటు గాలి అడుగుకి. అలాగని పలకల పడవని అమ్మలేదు, దానికీ కారణం ఉంది.

కొనేముందు అందరం పొడవు, ధర, ఎన్ని హార్స్‌పవర్ల దాకా పడుతుంది అన్నవే అడుగుతాం. నీళ్ళలోకి దిగిన తర్వాత ప్రతి క్షణం తెలిసేది మాత్రం అడుగే. పలకల పడవలో చెక్కకీ చెక్కకీ మధ్య ఖాళీ ఉంటుంది. అక్కడ కాలు పడితే మడమ దిగబడుతుంది. లేచి నిలబడటం మర్చిపోవాల్సిందే. మోటారు వేగం పెంచగానే వెనక భాగం కుంగి, ముందు కొస లేచి, పడవ మధ్యలో కొద్దిగా వంగుతుంది. ఒక్కరే నడిపేటప్పుడు ఇది మరీ ఎక్కువ. పెట్రోలు డబ్బా, లంగరు, మంచినీళ్ళు అన్నీ ముందుకి సర్ది, మోటారు పిడికి పొడుగు గొట్టం తగిలించి మధ్యలో కూర్చుంటే చాలావరకు సర్దుకుంటుంది. ఆ గొట్టం ఖర్చు చిన్నదే, కానీ పలకల పడవ కొంటే దాన్ని కూడా బడ్జెట్‌లో వేసుకోండి.

గాలి అడుగు సంగతి వేరు. దాని పై పొరనీ కింది పొరనీ లోపల వేల దారాలు కలిపి పట్టి ఉంచుతాయి. అందుకే 10 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి కొట్టినా ఉబ్బిపోకుండా బల్లలా చదునుగా నిలుస్తుంది. పక్క ట్యూబులకైతే మూడు, మూడున్నర పీఎస్ఐ చాలు. గాలి అడుగు కింద గాలితో నిండే కీల్ (పడవ పొడవునా వెన్నెముకలా సాగే భాగం) ఒకటి ఉండి, పడవ పొట్టకి కాస్త కోణం ఇస్తుంది. పక్కగాలి వీచినప్పుడు తేడా అక్కడే తెలుస్తుంది. చదును పొట్ట ఉన్న పలకల పడవ గాలివాటుకి జారిపోతూ ఉంటే, కీల్ ఉన్నది చూపించిన దారిన పోతుంది.

మా వాడకంలో పెద్ద భాగం పీతల వేట. వేసవిలో సియాటిల్‌ని ఆనుకుని ఉన్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో సీజన్ తెరిచినప్పుడు డంజనెస్ పీతల కోసం వెళ్తాం. మగవాటినే ఉంచుకోవాలి, డొప్ప వెడల్పు ఆరుంపావు అంగుళాలకి తగ్గకూడదు, మనిషికి రోజుకి ఐదు. ఇగురు పెడితే మన గోదావరి మండపీతకి ఏమాత్రం తీసిపోదు. బరువైన బోనుని లోతు నుంచి తాడుతో లాగేటప్పుడు మోకాళ్ళ కింద గట్టి అడుగు ఉండటం ఎంత హాయో చెప్పలేను. పలకల పడవలో అదే పని చేస్తే లాగేవాడి వైపు పడవంతా ఒరుగుతుంది, రెండో మనిషి అవతలి ట్యూబు మీదికి జరగాలి. ఏ పడవైనా సరే, బోను అంచులు ట్యూబుల పీవీసీ పొరని గీరేస్తాయి. ట్యూబు మీద పాత యోగా మ్యాట్ పరవండి.

ఇక్కడి నీళ్ళు నడివేసవిలోనూ 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే ఉంటాయి. ఒడ్డున ఎండలో గట్టిగా కొట్టిన గాలి, నీళ్ళలో దించిన కాసేపటికే చల్లబడి మెత్తబడుతుంది. లీకేమో అని టెన్షన్ పడక్కర్లేదు, పంపు పడవలోనే ఉంచుకుని ఇంకాస్త కొట్టండి. తిరిగొచ్చాక వేడి ఇసుక మీద వదిలేస్తే దీనికి రివర్స్ జరుగుతుంది, లోపలి ఒత్తిడి పెరిగి అతుకుల మీద భారం పడుతుంది. అందుకే ఒడ్డుకి లాగగానే కాస్త గాలి తీసేస్తాం.

గాలి అడుగుతో ఇబ్బందులు రెండు. చేతి పంపుతో చివరి మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కించడానికి భుజాలు పడిపోతాయి. కారు ఛార్జింగ్ పాయింట్‌తో నడిచే ఎలక్ట్రిక్ పంపు తప్పనిసరి అనే చెప్తాను. రెండోది ఇసుక. అడుగుకీ పొట్టకీ మధ్య చేరి లోపల నుంచి అరగదీస్తుంది. ఇంటికొచ్చాక అడుగు బయటికి తీసి మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే మడవాలి. తడిగా మడిస్తే బూజు ఖాయం.

పలకల పడవ గెలిచేది ఇక్కడే. పలకలు జేబుల్లోనే ఉంటాయి, చుట్ట విప్పి ట్యూబులు నింపితే పడవ తయారు. సంచీ బరువు 50 పౌండ్లకి కాస్త అటూఇటూ, నేను ఒక్కడినే మోస్తాను. గాలి అడుగుది 70 దగ్గర, మెట్లు దిగాలంటే ఇంకో చెయ్యి కావాలి. ఆఫీసు అయ్యాక సాయంత్రం రెండు గంటలు చిన్న సరస్సులో తిరగడానికి నేను ఇప్పటికీ పలకలదే తీస్తాను. పెద్ద నీళ్ళకి, పిల్లలతో వెళ్ళేటప్పుడు మాత్రం దాన్ని ముట్టుకోను.

మోటారు గురించి కొంచెమే. బరువు 30 పౌండ్ల లోపు. గాలితో చల్లబడే రకం కాబట్టి ఉప్పునీళ్ళలో తిరిగొచ్చాక లోపల మంచినీళ్ళు పారించే పని లేదు. రివర్స్ గేరు ఉండదు, మోటారునే గుండ్రంగా తిప్పితే వెనక్కి వెళ్తుంది. నెలల తరబడి పక్కన పెట్టేముందు కార్బురేటర్‌లో ఇంధనం అయిపోయేదాకా నడపండి, ఇథనాల్ కలిసిన పెట్రోలు లోపల జిగురు కడుతుంది. ఈ మోటారుతో ఏ పడవైనా గంటకి ఐదు మైళ్ళు దాటడం కష్టం. అందుకే ఆటుపోట్ల పట్టిక చూడకుండా బయల్దేరొద్దు. డిసెప్షన్ పాస్ లాంటి ఇరుకు జలసంధిలో ప్రవాహం 8 నాట్ల దాకా, అంటే గంటకి తొమ్మిది మైళ్ళ దాకా వస్తుంది, ఆ ఛాయలకే పోవద్దు. మెల్ల వాలు తీరాల్లో ఆటు సమయంలో నీరు చాలా దూరం తగ్గిపోతుంది, పడవని బురదలో మోసుకు రావాల్సి వస్తుంది. రెండు పడవలకీ వెనక చక్రాలు బిగించాం, ఆ డబ్బు వృథా కాలేదు.

ప్యూజెట్ సౌండ్‌లోనూ లేక్ వాషింగ్టన్‌లోనూ మోటారు పెడితే ఇంత చిన్న పడవకీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ట్యూబు మీద స్టిక్కర్లు నిలవవు, నంబరు రాసిన పలకలు కట్టుకోవడం మేలు. గ్రీన్ లేక్‌లో పెట్రోలు మోటార్లకి అనుమతి లేదు. 12 ఏళ్ళు, అంతకంటే చిన్న పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకుని తీరాలన్నది చట్టం. పెద్దవాళ్ళు కూడా దయచేసి వేసుకోండి. అంత చల్లటి నీళ్ళలో పడితే ముందు ఊపిరి అందదు, నిమిషాల్లో వేళ్ళు పట్టు తప్పుతాయి. ఈత వచ్చినా అప్పుడు పెద్దగా అక్కరకు రాదు.

పాతది కొనేటట్టయితే ముందురోజు సాయంత్రమే పూర్తిగా గాలి నింపి ఉంచమని అమ్మేవాళ్ళని అడగండి. మర్నాడు వెళ్ళి, మోటారు బిగించే వెనక బల్ల ట్యూబులకి అతుక్కునే చోట సబ్బునీళ్ళు రాసి చూడండి. మా పలకల పడవకి మొదట లీకైంది అక్కడే. ట్యూబుకి పడ్డ చిల్లి ఇంట్లో మాసిక వేసుకోవచ్చు, ఆ బల్ల అతుకు ఊడుతుంటే మాత్రం ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి.