పెదాలను చూపించే రింగు: ఐదేళ్ల వాడకం తర్వాత

ఫ్రెంచ్ హార్న్ (గుండ్రంగా చుట్టిన ఇత్తడి ఊదుడు వాద్యం) కోసం నేను ఇంతవరకూ పెట్టిన ఖర్చంతా ఒక ఎత్తు, పాతిక డాలర్లకు కొన్న ఈ చిన్న రింగు ఒక్కటీ ఒక ఎత్తు. పెదాలకు ఆనించి ఊదే మౌత్‌పీస్‌ని అంచు వరకే కోసి, దానికి పుల్లలాంటి పిడి తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కప్పు ఉండదు, గొట్టం ఉండదు. పెదాలకు ఆనించుకుని అద్దం ముందు నిలబడి బజ్ చేస్తే, అంటే పెదాలు కంపించేలా ఊదితే, మామూలుగా మౌత్‌పీస్ కప్పేసే ఆ కాస్త చోటులో పెదాలు ఏం చేస్తున్నాయో కళ్లారా కనిపిస్తుంది. విజువలైజర్ అంటారు. 2020 అక్టోబర్‌లో కొన్నాను.

వాయించేటప్పుడు పెదాలు ఎలా ఉంటాయో చూడాలన్న ఆలోచన కొత్తదేం కాదు. షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో ప్రధాన హార్న్ వాద్యకారుడిగా చేసిన ఫిలిప్ ఫార్కస్ 1970లోనే 40 మంది పేరున్న వాద్యకారుల పెదాల ఫోటోలు ఒకచోట అచ్చు వేశారు. ఈ రింగు ఎలా వాడాలో చెప్పే వీడియోలు కూడా బోలెడున్నాయి. ఆ పాఠాల జోలికి నేను వెళ్లను. ట్రంపెట్ నుంచి హార్న్‌కి మారిన నాలాంటివాడికి ఇది ఏం చేసింది, ఏం చెయ్యలేకపోయింది అన్నదే రాస్తాను.

మా బాబాయి రాజమండ్రిలో పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయించేవారు. పన్నెండేళ్ల వయసులో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "గాలి బొడ్డులోంచి రావాలిరా, బుగ్గల్లోంచి కాదు" అని ఆయన చెప్పిన ఒక్క మాట పట్టుకుని ఇంటర్ దాకా వాయించాను. తర్వాత చదువు, ఉద్యోగం, అమెరికా. 2017లో మిషిగన్‌లో మా ఊరి కమ్యూనిటీ బ్యాండులో చేరదామని వెళ్తే ట్రంపెట్లు తొమ్మిది మంది ఉన్నారు, హార్న్ వాయించేవాళ్లు ఒక్కరే. హార్న్ పట్టుకుంటారా అని అడిగారు. పట్టుకున్నాను.

ఎడమ చేత్తో వాల్వులు నొక్కడం, కుడి చెయ్యి బెల్‌లో, అంటే గొట్టం చివర విచ్చుకున్న చోట పెట్టడం రెండు నెలల్లో అలవాటైపోయాయి. పెదాలే మాట వినలేదు. ట్రంపెట్ గొట్టం పొడవు దాదాపు ఐదడుగులుంటే, ఎఫ్ శ్రుతి హార్న్‌ది సుమారు 12 అడుగులు. అంత పొడవు గొట్టంలో పై స్వరాలన్నీ పక్కపక్కనే ఇరుక్కుని ఉంటాయి. పెదవి వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే చాలు, పక్క స్వరం పలుకుతుంది. లేదా రెండిటికీ మధ్యలో పగిలిపోతుంది. దానికి తోడు మౌత్‌పీస్ ఆనించే చోటు కూడా మారాలి. ట్రంపెట్‌కి నేను పై పెదవి సగం, కింది పెదవి సగం పెట్టేవాణ్ణి. హార్న్‌కి అందరూ చెప్పేది మూడింట రెండు వంతులు పై పెదవి, ఒక వంతు కింది పెదవి.

ఆ సంగతి నాకు మొదటి రోజే చెప్పారు. అలాగే పెడుతున్నానని మూడేళ్లు నమ్మాను. అయినా స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతలు) పైనున్న జి అనే స్వరం దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోయేది. రిహార్సల్ మొదటి అరగంటలో జి పలికేది. గంట దాటాక ఎఫ్ కోసం కూడా మౌత్‌పీస్‌ని పళ్లకేసి అదమాల్సి వచ్చేది. ఇంటికొచ్చేసరికి పై పెదవి మీద ఎర్రటి గీత. ఆ గీత చూసి మా ఆవిడ "ఇదేం సంగీతమండీ" అనేది. రేంజ్ పెంచే ఎక్సర్‌సైజులు అన్నీ చేశాను. రోజుకి గంట చొప్పున మూడేళ్లు చేస్తే నాకు పెరిగింది అరస్వరం.

2020లో కోవిడ్ వల్ల రిహార్సళ్లు ఆగిపోయాయి. నాకు పాఠం చెప్పేది రిటైరైన స్కూల్ బ్యాండ్ టీచర్ ఒకాయన. ఆయన జూమ్‌లో చెప్పడం మొదలుపెట్టారు. రెండు మూడు వారాలు చూసి, "మీ ధ్వని లాప్‌టాప్‌లో సరిగ్గా వినబడదు, మీ పెదాలు మౌత్‌పీస్ వెనకాల కనబడవు, ఇంక నేను చెప్పేదేముంది? ఒక రింగు కొనండి" అన్నారు. అలా వచ్చింది ఇది మా ఇంటికి.

వచ్చిన రోజు రాత్రి బాత్రూమ్ అద్దం ముందు నిలబడ్డాను. ఫోన్‌ని స్లో మోషన్‌లో పెట్టి అద్దం అంచుకి ఆనించాను. కింది స్వరాల దగ్గర చూడముచ్చటగా ఉంది. పై పెదవి ఎక్కువ, కింది పెదవి తక్కువ, మధ్యలో బియ్యపుగింజంత సందు, అందులోంచి గాలి. ఒక్కో స్వరమే పైకి వెళ్లాను. స్టాఫ్‌లో పైనున్న ఇ వచ్చేసరికి గడ్డం ముడుచుకుంది. బత్తాయి తొక్క మీద ఉన్నట్టు గుంటలు పడ్డాయి. ఆ ముడుచుకున్న గడ్డం కింది పెదవిని పైకి నెట్టింది. దాంతోపాటు రింగు కొంచెం కొంచెంగా కిందికి దిగుతూ వచ్చింది. ఎఫ్ దగ్గరికి వచ్చేసరికి సగం సగం. సాక్షాత్తూ నా చిన్నప్పటి ట్రంపెట్ మూతి. పై పెదవి రింగు కింద ఇరుక్కుని తెల్లగా పాలిపోయింది. కదలడానికి చోటు లేని పెదవి ఇంక ఏం కంపిస్తుంది?

ఆ వీడియోని ఇరవైసార్లు చూసి ఉంటాను. మూడేళ్లుగా నన్ను ఏడిపిస్తున్నది ఇదా అని ఒంటరిగా బాత్రూమ్‌లో నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఎవరూ నాకు తప్పు చెప్పలేదు. చెప్పినదాన్నే నా పెదాలు చెయ్యడం లేదని తెలుసుకునే దారి లేదంతే. ఈ రింగు మీద నాకున్న ప్రేమంతా ఆ ఒక్క రాత్రిది.

తర్వాత మూడు నెలలు మాత్రం నరకం. గడ్డం కిందికి చదునుగా ఉంచి, మూతి చివర్లు బిగించి, రింగు జారకుండా వాయిస్తే మధ్య స్థాయి సి దాటి ఒక్క స్వరం కూడా పలకలేదు. నవంబర్, డిసెంబర్ అంతా చిన్నపిల్లల పాటల్లాంటివి నాలుగైదు స్వరాల్లో వాయించుకున్నాను. "నాన్నా, ప్రతిసారీ మధ్యలో ఎందుకు ఆపేస్తున్నావ్?" అని మా అమ్మాయి అడిగేది. కచేరీలు లేని కాలం కాబట్టి సరిపోయింది. నెలనెలా కచేరీ ఉండి, పక్కన మరో మూడు హార్న్‌లు నా స్వరం కోసం ఎదురుచూస్తుంటే ఈ పని నేను చెయ్యగలిగేవాణ్ణి కాదు. భయపడి మళ్లీ పాత మూతికే వెళ్లిపోయేవాణ్ణి.

నేను ఊహించని చోట మొదట ఫలితం కనబడింది. జనవరి చివర్లో ఒక రాత్రి వార్మప్ చేస్తూ స్టాఫ్ కిందనున్న సి వాయించాను. గది నిండిపోయింది. ఇంకా కిందికి జి దాకా వెళ్లాను. అంతకుముందు ఆ జి నా దగ్గర బొంగురుగా, గాలి ఎక్కువా స్వరం తక్కువా అన్నట్టు వచ్చేది. ఆ రోజు గుడి గంట మోగాక మిగిలే నాదంలా సాగింది. నేను తార స్థాయి కోసం తపస్సు చేస్తుంటే మంద్రం వచ్చి కూర్చుంది. పై పెదవికి చోటు దొరికితే ముందుగా అది నెమ్మదిగా, వెడల్పుగా కంపించడం నేర్చుకుంటుందని టీచర్ చెప్పారు. పై జి ఏప్రిల్‌లో వచ్చింది. ఈసారి పెదవి మీద గీత లేదు. 2021 ఆగస్టులో పార్కులో మళ్లీ మొదటి కచేరీ. మార్చ్‌లలో, అంటే కవాతు పాటల్లో, హార్న్‌లకి మామూలుగా దక్కేది తాళం వెనకాల పడే దెబ్బలే, గంటంతా అవే వాయించాం. చివరి పాటలో జి రెండు బార్లు, అంటే రెండు తాళావర్తాలు నిలబెట్టాలి, నిలబడింది.

ఇక లోపాలు. నేను మొదట కొన్న రింగు ఏ మౌత్‌పీస్‌కీ ప్రత్యేకంగా చేసింది కాదు. లోపలి వ్యాసం 18 మిల్లీమీటర్లు, అంచు మందం. నా మౌత్‌పీస్‌ది 17.5, అంచు సన్నం. అర మిల్లీమీటరుకి ఏమవుతుందిలే అనుకున్నాను. పెదాలకు అర మిల్లీమీటరంటే పెద్ద తేడా. రింగులో బాగా కుదిరిన అమరిక మౌత్‌పీస్ పెట్టగానే చెదిరిపోయేది. ఆ మూడు నెలల నరకంలో ఒక నెలైనా ఈ తేడా వల్లే అయి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తోంది. తర్వాత మరలతో ఊడొచ్చే రిమ్ (అంచు) ఉన్న మౌత్‌పీస్ కొన్నాను, ఆ రిమ్‌కే సరిపోయే పిడి విడిగా తెప్పించాను. ఇప్పుడు అద్దంలో చూసుకునేదీ, హార్న్‌కి పెట్టుకునేదీ ఒకటే రిమ్. కొనేవాళ్లు నేరుగా ఇలాంటిదే కొనండి. దీనికి ఖర్చు పాతిక డాలర్లతో పోదు, మౌత్‌పీస్‌తో కలిపితే చాలా ఎక్కువే అవుతుంది. మూడో ఏడు రిమ్ మీద వెండి పూత ఒకచోట అరిగి లోపలి ఇత్తడి బయటపడింది. అప్పుడు పెదవి దురద పెట్టి వాచింది. మిషిగన్ చలికాలంలో ఎలాగూ పెదాలు పగులుతాయి కదా అని నెల రోజులు వాజ్‌లైన్ రాసుకుంటూ కూర్చున్నాను. రిమ్ మార్చాక వారంలో తగ్గింది.

ఇంకో సంగతి నా పొరపాటే. ఇది మేలు చేసిందన్న సంతోషంలో 2022 చలికాలమంతా రోజూ ఇరవై నిమిషాలు రింగు మీద బజ్ చేశాను. అప్పట్లో ఎవరడిగినా రోజుకి ఇరవై నిమిషాలు చెయ్యండి అనే చెప్పేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. హార్న్‌లోకి ఊదితే గొట్టంలోని గాలి ఎదురొత్తుతుంది, పెదాలకు ఒక ఆసరా దొరుకుతుంది. రింగు మీద ఆ ఆసరా లేదు. స్వరం నిలబెట్టడానికి పెదాలు తమంతట తామే బిగుసుకుంటాయి. ఆ బిగువు మెల్లగా హార్న్‌లోకి కూడా వచ్చేసింది. నా ధ్వని సన్నబడి గట్టిపడిందని ముందు నాకు తెలియలేదు. టీచరే పట్టుకున్నారు. ఆరు వారాలు రింగుని డ్రాయర్‌లో పెట్టెయ్యమన్నారు. పెట్టేశాను. ఇప్పుడు వారానికి రెండుసార్లు, రెండేసి నిమిషాలు తీస్తాను. పెదాలు ఎక్కడ ఆనుతున్నాయి, గడ్డం చదునుగా ఉందా, పైకి వెళ్తున్నప్పుడు రింగు కదులుతోందా, ఈ మూడే చూసుకుంటాను.

అద్దంలో చూసి అన్నీ సరిచెయ్యబోవడం కూడా మంచిది కాదు. నా ముందు పన్ను ఒకటి కాస్త ముందుకుంటుంది, అందుకని రింగు మధ్యలో కాకుండా ఎడమకి వాలుతుంది. దాన్ని మధ్యకి తేవాలని రెండు వారాలు కుస్తీ పట్టాను. టీచర్ ఫార్కస్ ఫోటోలు చూపించి, ఇంత గొప్పవాళ్ల మూతులే ఒకదానిలా ఒకటి లేవు, మీ పన్ను ఎక్కడుందో రింగు అక్కడే ఉండనివ్వండి అన్నారు. అప్పుడు వదిలేశాను.

రింగు చూపించలేనిది నాలుక. బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాలో హార్న్ వాయించే సారా విల్లిస్ ఎమ్మారై యంత్రంలో పడుకుని వాయించిన వీడియో ఒకటుంది. కింది స్వరాలకి నాలుక అడుగున ఉండి, పై స్వరాలకి అంగిలి వైపు ఎలా లేస్తుందో అందులో కనిపిస్తుంది. అది చూశాక, జి పైన నాకు ఇంకా ఉన్న ఇబ్బంది పెదాలది కాదని అనుమానం వచ్చింది. ఇప్పుడు పై స్వరాలకి "ఈ" అని, కింది స్వరాలకి "ఓ" అని పలుకుతున్నట్టు నాలుకని ఉంచి వాయిస్తున్నాను. ఎ బాగా వస్తోంది. బి ఫ్లాట్ వారంలో నాలుగు రోజులు వస్తుంది, మూడు రోజులు రాదు. హై సి నా దగ్గర ఇంకా లేదు.

కొనమంటానా? ట్రంపెట్ నుంచి మారినవాళ్లయితే, ఏళ్ల తరబడి ఒకే స్వరం దగ్గర ఆగిపోయి ఉంటే, పక్కన చూసి చెప్పే టీచర్ ఉంటే, ఒక మూడు నెలలు కచేరీలు మానుకోగలిగితే, తప్పకుండా కొనమంటాను. నాకు ఆ నాలుగూ కలిసొచ్చాయి. ఇప్పుడే మొదలుపెట్టిన పిల్లలకి మాత్రం కొనివ్వకండి. వాళ్లు అద్దంలో మూతి చూసుకుంటూ ఊదడం మర్చిపోతారు.

మా బ్యాండులో సెకండ్ హార్న్ వాయించే ఆవిడ కూడా పై ఎఫ్ దగ్గర ఇబ్బంది పడుతుంటే పోయిన వేసవిలో నా రింగు ఇచ్చాను. వారం తర్వాత తిరిగిచ్చేసింది. ఆమె పెదాలు ఎప్పుడూ ఉండాల్సిన చోటే ఉన్నాయట. అప్పుడు మా బాబాయి మాట చెప్పాను, గాలి బొడ్డులోంచి రావాలని. ఆమె ఇప్పుడు దాని మీద పనిచేస్తోంది.